బట్టను తిరగేసి చూడండి

ప్రశ్న: రాయగడలో రెండేళ్లుగా చిన్న బొటీక్ నడుపుతున్నాను. ఫ్యాషన్ చదువేమీ లేదు, పిన్ని దగ్గర కుట్టు నేర్చుకున్నాను. వచ్చినవాళ్లు ఫోన్లో ఫొటో చూపించి అచ్చం ఇలాగే కుట్టమంటారు. చేనేత బట్ట పెడితే "ఇంత రేటా" అని పక్కన పడేస్తారు. మనవైపు ఫ్యాషన్ మీద అభిరుచి ఎలా పెరుగుతుంది? అసలు నాకే సరిగ్గా తెలియదేమోనని టెన్షన్.
- ఒక పాఠకురాలు

జవాబు: ఆఖరి మాట బాగా రాశారు, అక్కడి నుంచే మొదలుపెడదాం. కస్టమర్‌కి టేస్టు లేదని విసుక్కునే షాపులు చాలా చూశాను గానీ, తాము అమ్మే బట్ట గురించి నాలుగు ముక్కలు చెప్పగలిగినవి తక్కువే.

మీ జిల్లాలోనే చాటికోన సంత ఉంది కదా, ఓ బుధవారం షాపు మూసేసి వెళ్లండి. నియమగిరి కొండల మీంచి డొంగ్రియా కొంధులు అనే గిరిజనులు దిగుతారు. వాళ్ల కప్డాగండా శాలువాకి 2024లో జీఐ గుర్తింపు (ఫలానా ప్రాంతానిదే అని చెప్పే ముద్ర) వచ్చింది. ముతక బట్ట మీద ఆడపిల్లలు సూదితో కుట్టే గీతలు, త్రిభుజాలు వాళ్ల కొండలకు గుర్తు. కుట్టేవాళ్ల అనుమతితో బట్ట తిరగేసి చూడండి, దారం ఎక్కడ మొదలైందో ఎక్కడ ముడిపడిందో తెలుస్తుంది, రేటు ఎందుకో కూడా అప్పుడే తెలుస్తుంది. (ఆ డిజైన్ ఫొటో తీసి మెషీన్ మీద ప్రింటు వేయించే ఆలోచన మాత్రం వద్దు. కావాలంటే వాళ్ల దగ్గరే కొని అమ్మండి.)

తర్వాత కోరాపుట్ జిల్లా కోట్‌పాడ్. ఒడిశాలో మొదటి జీఐ గుర్తింపు, 2005లో, అక్కడి నేతకే. నూలుకి ఆముదం, ఆవుపేడ, బూడిద పట్టించి, ఆల్ అనే చెట్టు వేరు బెరడుతో రంగు వేస్తారు. అన్నభేది (ఇనుముతో చేసే ఒక ఉప్పు) కలిపితే ఎరుపు కాస్తా ముదురు గోధుమకి తిరుగుతుంది. ఇదంతా కస్టమర్‌కి ఉపన్యాసంలా చెప్పకండి, పారిపోతారు! రెండు ముక్కలు చేతికిచ్చి ఏది బరువుందో చూడమనండి చాలు.

ఇక ఫొటోల సంగతి. కస్టమర్ చూపించేది చాలాసార్లు జార్జెట్, జారుతుంది. అదే మోడల్ కోట్‌పాడ్ నూలులో కుడితే ఉబ్బి నిలబడుతుంది, ఒప్పుకున్నాక గొడవ మీకే. అందుకే ముందు పాత కటోరీ బ్లౌజ్ ఒకటి కుట్లన్నీ విప్పి నేలమీద పరవండి, ఏ ముక్క పడుగు (నిలువు దారాలు) వెంట కోశారో, ఏది క్రాస్‌లో, అంటే ఏటవాలుగా కోశారో చూడండి. క్రాస్‌లో కోసిన బట్ట సాగుతుంది కాబట్టే ఒంటికి పడుతుంది. ఇలా పది విప్పితే, "అమ్మా, దీనికి కుచ్చులు వద్దు, అంచునే మెడకి వేద్దాం" అని మీ నోట్లోంచి దానంతటదే వస్తుంది. భువనేశ్వర్‌లో నిఫ్ట్ అనే ఫ్యాషన్ కాలేజీ ఉంది, వీలైతే చదవండి. వీలుకాకపోతే కత్తెర పక్కన పెట్టి కుట్లు విప్పే పని మానకండి, అంతే.

ప్రశ్న: బరంపురం పట్టు జోడ (పంచె, ఉత్తరీయం) తెస్తే, పెళ్లిలో కట్టనని మావాడు మొండికేస్తున్నాడు. ముసలివాళ్ల బట్టట!
- పర్లాకిమిడి నుంచి ఒక తండ్రి

జవాబు: బలవంతం చేయకండి మాస్టారూ. అసలు దాన్ని అక్కడ నేసే దేరా కులస్తులు మన తెలుగువాళ్లే, ముందు తరాల్లో ఆంధ్ర నుంచి వచ్చి స్థిరపడినవాళ్లు. ఓసారి మీవాణ్ణి మగ్గం దగ్గరికి తీసుకెళ్లి ఫోడా కుంభ అంచు, అంటే ఆ గుడి గోపురాల వరస, ఎలా లేస్తుందో కళ్లారా చూపించండి. అప్పటికీ ఒప్పుకోకపోతే పంచె పక్కన పెట్టి ఉత్తరీయం ఒక్కటి షేర్వానీ మీద వేయించండి. ఫొటోలు చూసుకున్నాక పంచె ఏదని వాడే అడగొచ్చు. అడగకపోతే మీరు కట్టుకోండి!