క్యాన్సర్‌కు బ్యాక్టీరియా మందులంటోంది... బయోటెక్‌లో చేర్చాలా?

ప్రశ్న: మా అమ్మాయి బైపీసీ పూర్తి చేసింది. నీట్‌లో మెడికల్ సీటు వచ్చే ర్యాంకు రాలేదు. బ్యాక్టీరియా ప్రొటీన్లతో క్యాన్సర్‌కూ, మొండి ఇన్ఫెక్షన్లకూ మందులు వస్తున్నాయని వీడియోల్లో చూసి బీటెక్ బయోటెక్నాలజీ చేస్తానని పట్టుబట్టింది. మేం బీఫార్మసీ అంటున్నాం. ఏది మేలు? వెంటనే ఉద్యోగం వస్తుందా? 23 ఏళ్లకు పెళ్లి చేయాలనుకుంటున్నాం.
– ఒక తండ్రి, నరసరావుపేట

జవాబు: మీ అసలు ప్రశ్న ఆఖరి వాక్యంలో ఉందండీ. డాక్టర్ కాలేదు, కనీసం తొందరగా ఒక దారిన పడాలి అన్న టెన్షన్. నీట్ ఫలితాలు వచ్చాక ఏటా ఇదే మాట వింటుంటాను. ముందు కాస్త స్థిమితపడండి. అమ్మాయికి 18 ఏళ్లు. ఆమె చదివిన బైపీసీ ఎక్కడికీ పోలేదు.

ఆమె చూసింది కట్టుకథేం కాదు. పిల్లల్లో ఎక్కువగా కనిపించే ఒక రకం రక్తక్యాన్సర్‌కు దశాబ్దాలుగా ఇస్తున్న ఆస్పరాజినేస్ అనే మందు బ్యాక్టీరియా ప్రొటీనే. మన మామూలు కణాలు ఆస్పరాజిన్ అనే అమైనో ఆమ్లాన్ని (ప్రొటీన్లకు ఇటుకల్లాంటి పదార్థాల్లో ఒకటి) సొంతంగా చేసుకోగలవు. ఆ క్యాన్సర్ కణాలకు ఆ శక్తి అంతంతమాత్రం, రక్తంలో దొరికిన దానితోనే బతుకుతాయి. ఆస్పరాజినేస్ రక్తంలోని ఆస్పరాజిన్‌ను విరగ్గొట్టేస్తుంది. తిండి అందక అవి చస్తాయి. ఈ.కోలై నుంచి తీసిన మందు పడక అలర్జీ వచ్చిన పిల్లలకు ఎర్వీనియా అనే ఇంకో బ్యాక్టీరియా నుంచి తీసింది ఇస్తారు.

వీడియోలు చెప్పనిది ఆ తర్వాతి కథ. సూడోమొనాస్ అనే బ్యాక్టీరియాలో అజూరిన్ అనే ప్రొటీన్ ఉంది. బెంగాల్‌లో పుట్టి షికాగోలో పనిచేసిన ఆనంద మోహన్ చక్రవర్తి బృందం దాన్ని క్యాన్సర్ మందుగా మార్చాలని ఏళ్ల తరబడి శ్రమించింది. చమురును తినే బ్యాక్టీరియా పేటెంట్ కేసును 1980లో అమెరికా సుప్రీంకోర్టులో గెలిచింది ఆయనే. అజూరిన్‌లోంచి 28 అమైనో ఆమ్లాల ముక్కను తీసి, 15 మంది రోగుల మీద చేసిన తొలిదశ పరీక్ష ఫలితాలు 2013లో వచ్చాయి. ఆయన 2020లో కన్నుమూశారు. ఆ ముక్క ఇంకా మందుల షాపుకు చేరలేదు. అదే బ్యాక్టీరియా విషంలోని ఒక భాగంతో చేసిన మరో మందుకు అరుదైన రక్తక్యాన్సర్ కోసం 2018లో అమెరికాలో అనుమతి వచ్చింది. వాడేవాళ్లు తక్కువై 2023లో కంపెనీయే దాన్ని అక్కడ ఆపేసింది. పనిచేసే మందుకే ఆ గతి పట్టింది.

ఇన్ఫెక్షన్ల వైపూ అంతే. పాలను పులియబెట్టే ఒక బ్యాక్టీరియా నుంచి వచ్చే నైసిన్ చీజ్ చెడిపోకుండా బాగా కాపాడుతుంది. నోటి ద్వారా ఇస్తే మాత్రం జీర్ణరసాలు దాన్ని ముక్కలు చేసేస్తాయి. ఈ.కోలై లాంటి బ్యాక్టీరియాకు బయట ఇంకో పొర ఉంటుంది కాబట్టి దాని ముందు నైసిన్ ఒంటరిగా పెద్దగా పనిచేయదు.

అందుకే ఈ మోజు మీద నాకు అనుమానం. నా దగ్గరికి వచ్చిన ఒకమ్మాయి ఎమ్మెస్సీ ప్రాజెక్టులో ఒకే ప్రొటీన్‌ను విడదీయడానికి నాలుగు నెలలు పట్టింది. తెల్లవారుజామున బ్యాక్టీరియా పెరిగే ఫ్లాస్కు చూసుకోవడం, 4 డిగ్రీల చలిగదిలో స్వెటర్ వేసుకుని ప్రొటీన్‌ను వేరుచేసే కాలమ్ అనే గొట్టంలోంచి చుక్కచుక్కగా కారుతుంటే దాని దగ్గర నిలబడటం, చివరికి ప్రొటీన్ విరిగిన పాలలా ముద్దకట్టి ట్యూబు అడుగున పేరుకుంటే మళ్లీ మొదలుపెట్టడం. ఆమెకు అది నచ్చింది, ఇప్పుడు పీహెచ్‌డీ చేస్తోంది. మీ అమ్మాయికి నచ్చుతుందో లేదో వీడియో చూస్తే తెలియదు.

రెండు కోర్సుల సంగతి. బీటెక్ బయోటెక్ నాలుగేళ్లతో ఆగితే ఉద్యోగాలు తక్కువ, ఆ పట్టాతో సాఫ్ట్‌వేర్‌లోకి వెళ్లినవాళ్లను ఎందరినో చూశాను. బైపీసీ పిల్లలకు అందులో లెక్కలతోనూ ఇబ్బందే. బీఫార్మసీకి హైదరాబాద్ చుట్టుపక్కలా, విశాఖ దగ్గర పరవాడలోనూ కంపెనీల్లో క్వాలిటీ, ప్రొడక్షన్ పనులు దొరుకుతాయి, మొదటి జీతాలు మాత్రం చిన్నవే. బీఫార్మసీ తర్వాత నైపర్‌ అనే జాతీయ ఫార్మసీ సంస్థలో పీజీ చేసి ఈ ప్రొటీన్ మందుల వైపే రావచ్చు. పరిశోధనే కావాలంటే బయోకెమిస్ట్రీ లేదా మైక్రోబయాలజీలో మంచి బీఎస్సీ, ఆ పైన ఎమ్మెస్సీ. సైన్సు పరిశోధనకు పేరున్న జాతీయ సంస్థ తిరుపతి ఐసర్‌లో సీటు దొరికితే ఇంకేం కావాలి! ఆ తర్వాత జేఆర్‌ఎఫ్ (పరిశోధన చేసేవాళ్లకు ఇచ్చే ఫెలోషిప్) వస్తే నెలకు 37,000 రూపాయలు, ఇంటద్దె అదనం. మీ మీద ఆధారపడకుండా చదువుకుంటుంది.

ఇక పెళ్లి. కోపం తెచ్చుకోకండి. 23 అని గడువు పెట్టి ఏ కోర్సు మేలని అడిగితే ఏ కౌన్సెలరూ నిజాయతీగా జవాబు చెప్పలేరు. పరిశోధన దారిలో 23 అంటే ఎమ్మెస్సీ అప్పుడే ముగిసే వయసు. కొడుకైతే ఈ లెక్క వేసేవారా? బంధువులకు చెప్పుకోవడానికి సీటు వెతక్కండి. పిల్ల ముందు 'డాక్టర్ సీటు పోయింది' అనడం ఈ రోజు నుంచే మానండి. ఆ మాట ఆమె ఎన్నిసార్లు వినుంటుందో మీకు గుర్తుండదు, ఆమెకు ఉంటుంది.

ఆప్షన్లు పెట్టేలోపు దగ్గర్లో మైక్రోబయాలజీ ఉన్న ఏదైనా కాలేజీ ల్యాబ్‌ను, వీలైతే ఒక మందుల కంపెనీని అమ్మాయికి చూపించండి. బీటెక్ సీటు కోసం ఏజెంటుకు అడ్వాన్సు మాత్రం ఇవ్వొద్దు. చూసి వచ్చాక ఏమనిపించిందో నాకు ఆమెనే రాయమనండి.