సమాధానం: క్యాంపెయిన్‌ని గోల్కొండ కోటలో పెట్టి చూడండి

మీరు నడిపిస్తున్న డీ అండ్ డీ (డంజన్స్ అండ్ డ్రాగన్స్, పాచికలేసి పాత్రల్లా ఆడే కథల ఆట) క్యాంపెయిన్‌లో, అంటే సెషన్ల వారీగా సాగే కథలో, మూడు సెషన్లూ సత్రంలో మొదలై గోబ్లిన్ల గుహలో ముగిశాయి, నలుగురికీ బోర్ కొట్టింది, కొత్త ఐడియా తట్టట్లేదు అన్నారు కదండీ. నా సలహా: కథ రాయకండి. ఒక ఇరకాటం తయారుచేసి అందులో వాళ్లని దించండి.

1687 గోల్కొండనే తీసుకోండి. బయట ఔరంగజేబు సైన్యం, లోపల అబుల్ హసన్ కుతుబ్ షా. ముట్టడి దాదాపు 8 నెలలు సాగింది, చివరికి లోపలివాడే తలుపు తీశాడు. కాగితం మీద సున్నా గీసి 8 ముక్కలు చేయండి. సెషన్‌కో ముక్క నింపుతూ పోండి. మూడో ముక్కకి ధాన్యం కరువు, ఆరో ముక్కకి కాపలావాళ్లు లంచాలకు లొంగుతారు. కళ్లముందే అది నిండుతుంటే టెన్షన్ దానంతటదే వస్తుంది.

ద్రోహి ఎవరో మాత్రం ముందే తేల్చేయకండి. ముగ్గురిని పెట్టండి, ముగ్గురికీ న్యాయమైన కారణం ఇవ్వండి. ఆటగాళ్లు ఎవరిని పట్టించుకోకపోతే వాళ్లే తలుపు తీస్తారు.

మొదటి సీన్ ఇలా: అర్ధరాత్రి, మీ రోగ్ (దొంగచాటు పనుల్లో ఆరితేరిన పాత్ర) బాలా హిస్సార్ (కోట శిఖరభాగం) మీద కాపలా. కింద ఫతే దర్వాజా దగ్గర చప్పట్లు కొడితే పైకి వినిపిస్తుందని తెలుసు కదా. రెండు చప్పట్లు వినిపించాయి. పర్సెప్షన్ రోల్ (పాత్ర గమనించిందో లేదో తేల్చే పాచిక) తప్పినా ఆ చప్పుడు విననివ్వండి, కొట్టిందెవరో మాత్రం చెప్పకండి.

డ్రూయిడ్ (ప్రకృతి మంత్రాలు వేసే పాత్ర) ఉంటే గుడ్‌బెర్రీ (ఆకలి తీర్చే పళ్లు సృష్టించే మంత్రం) వల్ల ఆకలి సమస్యే ఉండదని భయపడకండి. ఒక్కసారికి 10 పళ్లే వస్తాయి. కోటలో వేలమంది ఉన్నారు. ఆ పది ఎవరికివ్వాలో వాళ్లనే తేల్చుకోమనండి.