ప్రొటీన్ సంగతి చెబుతాను, ముందు ఆ మాత్రల పొట్లం డాక్టర్‌కు చూపించండి

ప్రశ్న: మాది కళ్యాణదుర్గం దగ్గర పల్లె. మా అమ్మకు 57 ఏళ్లు, బరువు 50 కిలోలు. 9 ఏళ్లుగా షుగర్ ఉంది, బీపీకి కూడా మాత్ర వేసుకుంటుంది. ఈ మధ్య బాగా నీరసపడింది. కింద కూర్చుంటే చేతులు ఆనించకుండా లేవలేకపోతోంది. ప్రొటీన్ తక్కువైందని అందరూ అంటున్నారు. పొద్దున ఉగ్గాని, మధ్యాహ్నం అన్నం, పప్పుచారు, రాత్రి సంగటి తింటుంది. నీచు ఆదివారం ఒక్కరోజే. డబ్బా పొడి కొనకుండా ఇంటి తిండితోనే ప్రొటీన్ పెంచేదెలా? పాలలో పచ్చిగుడ్డు కలిపి ఇవ్వొచ్చా? మోకాళ్ల నొప్పులకు మెడికల్ షాపులో పొట్లం కట్టి ఇచ్చే మూడు మాత్రలు 4 నెలలుగా రోజూ వేసుకుంటోంది. వాటితో నొప్పి బాగానే తగ్గింది. సాయంత్రానికి పాదాలు కొంచెం వాస్తున్నాయి.
– ఓ పాఠకురాలు, అనంతపురం జిల్లా

జవాబు: తిండి గురించి అడిగారు, చెబుతాను. కానీ మీరు చివర్లో మామూలుగా రాసేసిన ఆ పొట్లం, పాదాల వాపు నాకు ఎక్కువ కంగారు పుట్టిస్తున్నాయి. షుగర్, బీపీ రెండూ ఉన్న మనిషి 4 నెలలు రోజూ నొప్పి మాత్ర వేసుకుని, ఇప్పుడు పాదాలు వాస్తున్నాయంటే ముందు కిడ్నీల సంగతి తేలాలి. ఎంత ప్రొటీన్ పెట్టాలో కూడా దాన్నిబట్టే చెప్పగలం.

పొట్లంలో ఏముందో చూడకుండా నేను చెప్పలేను. మన దగ్గర ఇలా విడిగా ఇచ్చే వాటిలో సాధారణంగా డైక్లోఫినాక్, అసెక్లోఫినాక్ లాంటి నొప్పి మాత్ర ఒకటి, గ్యాస్ మాత్ర ఒకటి ఉంటాయి. మూడోది చాలాసార్లు చిన్న స్టెరాయిడ్ బిళ్ల, అంటే డెక్సామెథాసోన్ లేదా ప్రెడ్నిసొలోన్. నొప్పి మాత్రలు కిడ్నీలకు వెళ్లే రక్తాన్ని తగ్గిస్తాయి, ఒంట్లో ఉప్పునీటిని నిలబెడతాయి, బీపీని పెంచుతాయి. రెండు రోజులు వేసుకుంటే చాలామందికి ఏమీ కాదు. షుగర్ ఉన్నవాళ్లు, బీపీ మాత్రలు వాడేవాళ్లు నెలల తరబడి వేసుకుంటే కిడ్నీలు దెబ్బతినవచ్చు. ఎండలో చేను పనికి వెళ్లి నీళ్లు సరిగా తాగనివాళ్లకు ఈ ప్రమాదం ఇంకా ఎక్కువ. మన జిల్లా ఎండల సంగతి మీకు తెలియనిది కాదు.

స్టెరాయిడ్ ఉంటే కథ ఇంకోలా ఉంటుంది. దాంతో నొప్పి మంత్రం వేసినట్టు తగ్గుతుంది, ఆకలి కూడా వేస్తుంది. అందుకే మందు మంచిదని నమ్ముతారు. లోపల మాత్రం షుగర్ పెరుగుతుంది, ఎముకలు పలచబడతాయి, తొడల కండ కరిగిపోతుంది. కింద కూర్చున్న మనిషి చేతులు ఆనించకుండా లేవలేకపోవడం తొడల బలం తగ్గిందనడానికి గుర్తు. ప్రొటీన్ తక్కువైందని మీరంతా అనుకుంటున్న ఈ నీరసానికి ఆ బిళ్లే కారణం కావచ్చు. అదుపులో లేని షుగర్, థైరాయిడ్, విటమిన్ డి లోపం వల్ల కూడా ఇలా అవుతుంది. మెట్‌ఫార్మిన్ అనే షుగర్ మాత్ర ఏళ్ల తరబడి వాడేవాళ్లలో బి12 తగ్గినా నీరసం ఉంటుంది. పరీక్షలు చేయకుండా వీటిలో ఏదని తేల్చలేం.

ఇది చదివి పొట్లాన్ని ఈ రాత్రే చెత్తలో పడేయకండి. అందులో స్టెరాయిడ్ ఉంటే నెలల తరబడి వాడి ఒక్కసారిగా ఆపడం కూడా ప్రమాదమే. బీపీ పడిపోవచ్చు, వాంతులు కావచ్చు, మనిషి కుప్పకూలిపోవచ్చు. మిగిలిన మాత్రలన్నీ, షుగర్, బీపీ మందుల చీటీలతో సహా తీసుకుని రేపే డాక్టర్ దగ్గరికి వెళ్లండి. ఏది వెంటనే ఆపాలో, ఏది మెల్లగా తగ్గించాలో ఆయన చూసి చెబుతారు. కిడ్నీల పనితీరు చెప్పే క్రియాటినిన్, రక్తంలో పొటాషియం, మూత్రంలో ఆల్బుమిన్ అనే ప్రొటీన్, 3 నెలల షుగర్ సగటు చెప్పే హెచ్‌బిఎ1సి, హిమోగ్లోబిన్ ఇప్పుడు తప్పనిసరి. మిగతావి డాక్టర్ చూసి రాస్తారు. పాదాల వాపు ఆమ్లోడిపిన్ అనే బీపీ మాత్ర వల్ల కూడా వస్తుంది కాబట్టి ఏ బీపీ మాత్ర వాడుతున్నారో చెప్పడం మరవకండి. వాపుకు గుండె, లివర్ కూడా కారణం కావచ్చు. మూత్రంలో నురగ వస్తోందా, రాత్రి పడుకుంటే ఆయాసం వస్తోందా అని అమ్మను అడగండి. మీరు ఇవేవీ రాయలేదు. షుగర్ పరీక్ష ఆఖరిసారి ఎప్పుడు చేయించారో కూడా రాయలేదు. 9 ఏళ్ల షుగర్ ఉన్న మనిషి విషయంలో ఆ మాట ఉత్తరంలో మొదటి వరుసలోనే ఉండాలమ్మా.

ఇక తిండి. భారత వైద్య పరిశోధన మండలి 2020లో చెప్పిన లెక్కన ఆరోగ్యంగా ఉన్న పెద్దవాళ్లకు రోజుకు కిలో బరువుకు 0.83 గ్రాముల ప్రొటీన్ కావాలి. అమ్మగారి 50 కిలోలకు అది 41, 42 గ్రాములు. మీరు రాసిన తిండిలో 30 గ్రాములు మించి దొరకడం లేదని నా అంచనా. కిడ్నీలు బాగుంటే ఈ వయసులో 50 గ్రాముల వరకు పెంచుకోవచ్చు. బాగాలేవని తేలితే 40 దగ్గర ఆగాలి. ఏదైనా 40కి చేరడం తప్పదు, అంటే ఇప్పుడు తింటున్నదానికి 10 గ్రాములు కలపాలి. అందుకు డబ్బా అక్కర్లేదు. కొన్ని పొడుల్లో చక్కెర కూడా కలుస్తుంది, అమ్మగారికి అదింకా నష్టం.

పప్పుచారులో ఉండేది ఎక్కువగా నీళ్లే. దాని బదులు గుప్పెడు, అంటే 30 గ్రాముల కందిపప్పు ఒక్క మనిషికి లెక్కేసి గట్టిగా వండండి, 6 గ్రాములు దాటి వస్తుంది. ఆకుకూర పప్పు మరీ మంచిది. అన్నంలో, సంగటిలో ఉండే ప్రొటీన్‌లో ఒంటికి కావాల్సిన లైసిన్ అనే అమైనో ఆమ్లం తక్కువ. పప్పులో అది బాగా ఉంటుంది. అందుకే సంగటి పక్కన పప్పో ఉలవచారో ఉండాలి. ఉలవచారు అంటే వార్చిన నీళ్లు ఒక్కటే కాదు, ఉడికిన ఉలవలూ తినాలి. అలసందలు, పెసలు, ఉలవల గుగ్గిళ్లు సాయంత్రం ఒక చిన్న గిన్నెడు పెట్టండి. అనపకాయల కాలంలో గింజల కూర చేసిపెట్టండి. ఉగ్గాని మానక్కర్లేదు. దాంట్లో పప్పుల పొడి దండిగా వేయండి, బజ్జీ మాత్రం వద్దు. బొరుగులు షుగర్‌ను త్వరగా పెంచుతాయి కాబట్టి అవి తగ్గించి పెసరట్టు రోజులు పెంచితే మేలు.

చెనిక్కాయలు మన ఊళ్లలో ఉండనే ఉన్నాయి. 30 గ్రాముల గింజల్లో 7 గ్రాముల దాకా ప్రొటీన్ ఉంటుంది. ఉడికించి పెడితే నమలడం తేలిక. ఎక్కువ తింటే కొవ్వు కూడా చేరుతుంది, గుప్పెడు చాలు. బూజు వాసన వచ్చేవి, నల్లబడినవి పారేయండి. వాటిలో అఫ్లాటాక్సిన్ అనే విషం ఉండొచ్చు, అది లివర్‌కు చెడ్డది. రోజూ ఒక గిన్నె పెరుగు ఇవ్వండి.

గుడ్డు ఉడకబెట్టే ఇవ్వండి. పచ్చిగుడ్డులోని ప్రొటీన్ ఉడికినదానికంటే తక్కువ ఒంటబడుతుంది, పైగా విరేచనాలు తెచ్చే సాల్మొనెల్లా అనే క్రిమి భయం. పాలలో కలిపినా అంతే. ఆదివారం ఒక్కరోజే నీచు తిన్నా ఇబ్బంది లేదు. ఒక్కపూటే అరకిలో తినేయకుండా ప్రొటీన్‌ను మూడు పూటలకూ పంచండి.

ఇవన్నీ రిపోర్టులు వచ్చేదాకా మితంగానే. పొటాషియం ఎక్కువగా ఉందంటే పప్పులు, చెనిక్కాయలు ఎంత పెట్టాలో డాక్టర్‌నే అడగాలి. ఊరగాయ, అప్పడాలు, ఉప్పు చల్లిన మజ్జిగ ఇప్పటినుంచే తగ్గించండి, వాపు ఉంది కదా.

మోకాళ్ల నొప్పి నిజమే, ఓర్చుకోమని నేను అనను. లివర్ జబ్బు లేకపోతే పారాసిటమాల్ 500 అప్పుడప్పుడు వాడొచ్చు. అది కూడా డాక్టర్ చూశాకే, ఎన్ని వేసుకోవాలో అడిగి. తొడ కండరాలు బలపడే వ్యాయామాలు ఫిజియోథెరపిస్ట్ నేర్పిస్తారు. కుర్చీలో కూర్చుని ఒక కాలు నేరుగా చాపి 5 లెక్కపెట్టి దించడం ఇంట్లో మొదలుపెట్టొచ్చు. తిన్న ప్రొటీన్ కండగా మారాలంటే ఈ పని కూడా జరగాలి.

ముఖం ఉబ్బినా, మూత్రం తగ్గినా, పడుకుంటే ఊపిరాడకపోయినా, విరేచనం తారులా నల్లగా అయినా, వాంతులతో మనిషి తూలిపోతున్నా రిపోర్టుల కోసం ఆగొద్దు. అదే గంటలో 108కి ఫోన్ చేసి అనంతపురం ప్రభుత్వ సర్వజన ఆసుపత్రికి తీసుకెళ్లండి, ఆ పొట్లం కూడా వెంట పెట్టుకోండి.