పద్దెనిమిది నిండాక అమ్మ సంతకం చెల్లదు

ప్రశ్న: మాది అంబాజీపేట దగ్గర పల్లెటూరు. మా అబ్బాయికి బుద్ధిమాంద్యం. పదేళ్లప్పుడు సదరంలో (వైకల్య శాతం తేల్చి సర్టిఫికెట్ ఇచ్చే ప్రభుత్వ వైద్య శిబిరంలో) 75 శాతం అని రాశారు. నెలకు 6,000 రూపాయల పింఛను వస్తోంది. వచ్చే శ్రావణంలో 18 నిండుతాయి. పెద్దవాడయ్యాడని పింఛను ఆపేస్తారా? మా అత్తగారేమో అరెకరం కొబ్బరి తోట వాడి పేర రాసేస్తానంటున్నారు. రాయించుకోమంటారా?

జవాబు: పింఛను సంగతిలో టెన్షన్ వద్దమ్మా. మన ఆంధ్రప్రదేశ్‌లో దివ్యాంగుల పింఛనుకు వయసుతో పని లేదు. మిగతా అర్హతలుండి, వైకల్యం 40 శాతానికి తగ్గకపోతే చాలు. 2024 జూలైలో 3,000 నుంచి 6,000కు పెంచారు కదా, అది చిన్నపిల్లాడికైనా పెద్దవాడికైనా ఒకటే. భవిత కేంద్రం (ప్రత్యేక అవసరాలున్న పిల్లల చదువు కేంద్రం), ఉచిత చదువు లాంటివి మాత్రం బడి వయసుతోనే అయిపోతాయి.

అసలు పని సర్టిఫికెట్ దగ్గరుంది. కేంద్ర మార్గదర్శకాల ప్రకారం బుద్ధిమాంద్యం సర్టిఫికెట్‌ను 5, 10, 18 ఏళ్లప్పుడు మళ్లీ తీసుకోవాలి. 18 ఏళ్లకు ఇచ్చేది జీవితాంతం చెల్లుతుంది. అందుకే ఈసారి పరీక్షను తేలిగ్గా తీసుకోకండి. 2025లో పింఛన్ల తనిఖీలో శాతం తగ్గిందంటూ ఎంతమందికి నోటీసులొచ్చాయో మీరూ వినే ఉంటారు. సచివాలయంలో గానీ మీసేవలో గానీ సదరం స్లాట్ తీసుకోండి. పాత సర్టిఫికెట్లు, మందుల చీటీలు, బడి కాగితాలు అన్నీ ఒక సంచిలో పెట్టుకుని వెళ్లండి.

అక్కడ తల్లులు చేసే పొరపాటు ఒకటుంది. డాక్టరు "స్నానం తనే చేస్తాడా?" అని అడగ్గానే, బిడ్డను తక్కువ చేయడం ఇష్టం లేక "అన్నీ తనే చేసుకుంటాడండీ" అనేస్తారు. వాళ్లు చూసేది తెలివి ఒక్కటే కాదు, రోజువారీ పనులు కూడా. చొక్కా గుండీలు మీరే పెడుతుంటే మీరే పెడుతున్నానని చెప్పండి. వంద నోటిచ్చి కొట్టుకు పంపితే చిల్లర లెక్క చూసుకోలేడంటే అదీ చెప్పండి. ఎక్కువ చేసి చెప్పమనడం లేదు, ఉన్నది దాచొద్దంటున్నాను.

ఆధార్‌లో 15 ఏళ్లప్పటి వేలిముద్రల అప్‌డేట్ అయిందో లేదో చూసుకోండి. పాత సర్టిఫికెట్‌లో తూర్పు గోదావరి అని ఉంటుంది. 2022 ఏప్రిల్ నుంచి మీది కోనసీమ జిల్లా కాబట్టి యూడీఐడీ (దివ్యాంగుల గుర్తింపు) కార్డులో చిరునామా కూడా సరిచేయించండి.

ఇక బ్యాంకు. 18 నిండిన రోజు నుంచి చట్టం దృష్టిలో వాడు మేజరు. మైనర్ ఖాతాలో గార్డియన్‌గా మీరు పెట్టే సంతకం ఇక చెల్లదు. కన్నతల్లిని కదా అంటే కౌంటర్లో వినరు. 1999 నాటి నేషనల్ ట్రస్ట్ చట్టం కింద ప్రతి జిల్లాలో కలెక్టర్ అధ్యక్షతన స్థానిక కమిటీ ఉంటుంది. 18 నిండగానే గార్డియన్‌షిప్ కోసం అక్కడ దరఖాస్తు పెట్టండి. మీకైతే అమలాపురం కలెక్టరేటే, కాకినాడ వెళ్లే పని లేదు. ఆ పత్రాన్ని బ్యాంకులు ఒప్పుకోవాలని రిజర్వ్ బ్యాంకే చెప్పింది. అదే ట్రస్టు కింద లక్ష రూపాయల వరకు వైద్య ఖర్చులకు నిరామయ బీమా ఉంది, అదీ తీసుకోండి.

తోట మాత్రం నేరుగా వాడి పేర వద్దు. పెద్దావిడ ప్రేమ అర్థమవుతోంది. కానీ రేపు కౌలుకివ్వాలన్నా అమ్మాలన్నా వాడి సంతకానికి విలువుండదు. గార్డియన్ అయితే ఆరు నెలల్లో ఆస్తి జాబితా ఇవ్వాలి, ఆపైన ఏటా లెక్కలు చూపాలి. మీ తర్వాత ఆ పని ఎవరు చేస్తారు? దానికంటే, తోట వాడి కోసం పెట్టిన ప్రైవేటు ట్రస్టుకు, అంటే ఆస్తిని వాడి తరఫున చూసుకునే ఏర్పాటుకు, చెందేలా అత్తగారి చేత వీలునామా రాయించండి. మీ దంపతులిద్దరితో పాటు మీకంటే చిన్నవాళ్లను, నమ్మకస్తులను ఒకరిద్దరిని ట్రస్టీలుగా పెట్టండి. ఇద్దరు సాక్షులు తప్పనిసరి, రిజిస్టరు కూడా చేయిస్తే మంచిది. కొబ్బరి దింపు డబ్బులు ఎవరి చేతికి రావాలి, అందులో వాడి తిండికి, మందులకు ఎంత అన్నది అత్తగారు ఉండగానే కూర్చుని మాట్లాడుకుని, అదీ వీలునామాలో రాయించండి.