ఫిట్‌గా ఉన్నవాళ్లకు ఎత్తైన పర్వతాల మీద ఆల్టిట్యూడ్ సిక్‌నెస్ (ఎత్తులో ఆక్సిజన్ చాలక వచ్చే అనారోగ్యం) రాదా?

వస్తుంది, రోజూ పది కిలోమీటర్లు పరుగెత్తే వాళ్లకైనా రావచ్చు. పైకి వెళ్లేకొద్దీ గాలిలో ఆక్సిజన్ శాతం తగ్గదు, అక్కడా దాదాపు 21 శాతమే. తగ్గేది గాలి పీడనం. దాంతో ఒక్కో శ్వాసకు అందే ఆక్సిజన్ తగ్గిపోతుంది. ఈ కొరతకు శరీరం అలవాటు పడటానికి రోజులు పడుతుంది, కండబలం ఆ పనిని తొందరపెట్టలేదు.

టాంజానియాలోని కిలిమంజారోనే తీసుకోండి. 5,895 మీటర్ల ఆ శిఖరం మీద గాలి పీడనం సముద్రమట్టం దగ్గర ఉండే దానిలో సుమారు సగమే. తాళ్ల సాయం లేకుండా నడిచి ఎక్కే దారులున్నా, ఐదు రోజుల్లో ముగించాలనుకునే వాళ్లలో చాలామంది మధ్యలోనే వెనుదిరుగుతారు. ఏడెనిమిది రోజులు తీసుకుంటే శిఖరం చేరే అవకాశం బాగా పెరుగుతుంది.

"జిమ్‌కి వెళ్తున్నాను, నాకేం కాదు" అన్న ధీమాయే అసలు ప్రమాదం. కాళ్లలో సత్తువ ఉన్నవాళ్లు వేగంగా ఎక్కేస్తారు, శరీరానికి గడువివ్వరు. 3,000 మీటర్లు దాటాక రాత్రి బస చేసే ఎత్తును రోజుకు 500 మీటర్లకు మించి పెంచకూడదు. తలనొప్పి, వాంతులు మొదలైతే ఇక పైకి వెళ్లొద్దు. అడుగులు తడబడినా, మాట తికమకగా వస్తున్నా, కూర్చున్నా ఆయాసం తగ్గకపోయినా వెంటనే కిందికి దిగాలి, అర్ధరాత్రి అయినా సరే.