కుంటుతున్న ఎద్దుకు మనుషుల నొప్పి ఇంజెక్షన్ వేయొచ్చా?

ప్రశ్న: రెండు రోజులుగా మా ఎద్దుకు జ్వరం. వణుకుతోంది, మేత ముట్టడం లేదు. నిన్న ముందుకాలు కుంటింది, ఇవాళ వెనక కాలు కుంటుతోంది. మెడికల్ షాపులో డైక్లోఫెనాక్ ఇంజెక్షన్లు దొరుకుతాయి, నాలుగైదు కలిపి వేయమని పక్కరైతు అంటున్నాడు. వేయొచ్చా? దుక్కి పని ఆగిపోయింది.
– ఒక రైతు, బెజ్జూరు మండలం, కుమురం భీం ఆసిఫాబాద్ జిల్లా

జవాబు: వేయొద్దు. పశువులకు డైక్లోఫెనాక్ వాడకాన్ని 2006లోనే నిషేధించారు. ఆ మందు పడిన పశువు చనిపోతే, కళేబరం తిన్న రాబందుల కిడ్నీలు పాడై అవీ చనిపోతాయి. 1990ల మొదట్లో వెయ్యి ఉన్న చోట 2007 నాటికి ఒక్క తెల్లవీపు రాబందు మిగిలిందంటే కారణం ఇదే. మనుషులకిచ్చే సీసాను 2015లో 3 మిల్లీలీటర్లకు తగ్గించింది కూడా పశువులకు మళ్లకుండా ఉండాలనే. 2013లో రాబందుల గూళ్లు కనిపించిన పాలరాపు గుట్ట మీకు దగ్గరే కాబట్టి ఇంత గట్టిగా చెబుతున్నాను. ఇదే రకం నొప్పి మందులైన కీటోప్రొఫెన్, ఎసిక్లోఫెనాక్ 2023లో, ఆ తర్వాత నిమెసులైడ్ కూడా పశువులకు నిషేధమయ్యాయి. ఎవరైనా ఇస్తామన్నా ఒప్పుకోకండి.

వీటి బదులు మెలాక్సికామ్ ఉంది. రాబందులకు హాని లేదు, జ్వరాన్నీ నొప్పినీ తగ్గిస్తుంది. అయితే మిల్లీలీటరుకు 5, 15, 20 మిల్లీగ్రాముల బలాల్లో వస్తుంది. 400 కిలోల ఎద్దుకు సుమారు 200 మిల్లీగ్రాములు కావాలి. అంటే 5 బలం మందైతే 40 మిల్లీలీటర్లు, 20 బలమైతే 10 చాలు. సీసా తేడా చూసుకోకుండా కొలత పెడితే డోసు నాలుగింతలవుతుంది. అందుకే డాక్టరు చేతే వేయించండి. నీళ్లు తాగక ఒళ్లు ఎండిన పశువుకు ఈ రకం మందులు కిడ్నీలను దెబ్బతీస్తాయి. డోసు మించినా, రోజుల తరబడి వాడినా, డెక్సామెథాసోన్ వంటి స్టెరాయిడ్ కలిపినా కడుపులో పుండ్లు పడతాయి. పేడ నల్లగా జిగటగా వస్తే మందు ఆపి వెంటనే డాక్టరుకు చెప్పండి. పాడిపశువుకు ఈ మందు వేస్తే 5 రోజులు పాలు పోయకండి.

మీరు చెప్పిన లక్షణాలు మూడు రోజుల జ్వరంలా ఉన్నాయి. వానాకాలంలో దోమలు, చిన్న ఈగల వల్ల వస్తుంది. కుంటు ఒక కాలి నుంచి ఇంకో కాలికి మారడమే దీని గుర్తు. కానీ ఒకే తొడ వాచి, నొక్కితే కరకరలాడితే అది జబ్బవాపు. గంటల్లో ప్రాణం తీస్తుంది, నొప్పి మందు వేసి చూద్దామని ఆగకండి. నోట్లో, గిట్టల మధ్య పుండ్లుంటే గాలికుంటు.

గొట్టంతో మందులు, గంజి తాగించవద్దని మరీ మరీ చెబుతున్నాను. ఈ జ్వరంలో పశువుకు మింగడం కష్టమవుతుంది. పోసింది ఊపిరితిత్తుల్లోకి పోతే జ్వరం తగ్గినా పశువు దక్కదు. నీళ్ల తొట్టి ముందు పెట్టండి, తనంతట తానే తాగనివ్వండి. పడుకుంటే కింద గడ్డి పరిచి, మూడు నాలుగు గంటలకోసారి పక్క మార్చండి.

దుక్కి టెన్షన్ అర్థమవుతుంది. ఇంజెక్షన్ తర్వాత కుంటు తగ్గితే నొప్పి తెలియడం లేదనే తప్ప కండరాలు కోలుకున్నాయని కాదు. మేత మామూలుగా తిని, కుంటు పోయాక కనీసం వారం కాడి కట్టకండి. ఈ లోపు ఎవరి జతనైనా బదులు తెచ్చుకోండి. దవాఖాన దూరమైతే 1962కు ఫోన్ చేయండి, పశువైద్య సంచార వాహనం వస్తుంది. ఇప్పటికే ఏదైనా ఇంజెక్షన్ వేసి ఉంటే దాని ఖాళీ సీసా డాక్టరుకు చూపించండి.