నా గోల్డ్ వాడి గుమ్మంలో పడితే?

సెలవుల ప్రభావమేమో, ఈసారి వచ్చిన ఉత్తరాల్లో సగం ఏజ్ ఆఫ్ ఎంపైర్స్ 2 మీదే, అదే, ఫుడ్, వుడ్, గోల్డ్, స్టోన్ పోగేసి సైన్యంతో ఎదుటోణ్ణి కొట్టే కంప్యూటర్ ఆట. 1999లో వచ్చిన ఆట, ఇప్పటికీ హాస్టళ్లలో గొడవలు పెడుతూనే ఉంది.

ప్రశ్న: మా హాస్టల్లో 16 మందితో ఒకరితో ఒకరు ఆడే టోర్నమెంట్ పెడుతున్నాం. మ్యాప్ (అంటే ఆట జరిగే నేల) అరేబియా. పోయినసారి సెమీఫైనల్లో ఒకడి గోల్డ్ సరిగ్గా ఎదుటోడి వైపు పడింది. ఓడిపోయాక 'మ్యాప్ మోసం' అని నెల రోజులు గోల. ఈసారి అద్దంలో చూసినట్టు రెండు వైపులా ఒకేలా ఉండే మ్యాప్ గీసేద్దామా? (ఒక విద్యార్థి, కాకినాడ)

జవాబు: గీయొద్దు తమ్ముడూ. గీసినా ఒక్క ఆటకే పనికొస్తుంది. రెండో ఆటకల్లా వేటాడే పంది ఎక్కడుందో గోల్డ్ ఎక్కడుందో అందరికీ కంఠతా వచ్చేస్తుంది, పైగా నాకు ఎక్కడుంటే వాడికీ అక్కడే కాబట్టి వాడి ఇల్లు కూడా చూడకుండానే తెలిసిపోతుంది. ఇక చుట్టుపక్కల వెతికొచ్చే స్కౌట్‌ని తిప్పడం దేనికి? చీకట్లో తడుముకుంటూ వెతుక్కోవడం ఈ ఆటలో సగం నేర్పు.

ఒకేలా గీసినంత మాత్రాన సమానం అవుతుందన్న గ్యారంటీ కూడా లేదు. స్టార్‌క్రాఫ్ట్ అనే ఇలాంటిదే ఇంకో ఆటలో టెర్రన్ జాతి వాళ్ల ఫ్యాక్టరీకి తగిలించే చిన్న కట్టడం ఎప్పుడూ కుడి పక్కనే వస్తుంది. మ్యాప్‌ని ఎంత కచ్చితంగా తిప్పి పెట్టినా, ఒక మూల వాడికి దారి మూసేసే కట్టడం ఇంకో మూల వాడికి అడ్డదిడ్డంగా నిలబడుతుంది.

అసలు అరేబియా ఎలా పుడుతుందో చూడు. మ్యాప్ ప్రతిసారీ కొత్తదే, వాటాలు మాత్రం మారవు. మనిషికి ఎనిమిది గొర్రెలు, రెండు అడవి పందులు (ఒక్కోదానికి 340 ఫుడ్), ఆరు బెర్రీ పొదలు, టౌన్ సెంటర్ (నీ ఊరికి నడిబొడ్డైన కట్టడం) దగ్గర ఏడు గళ్ల గోల్డ్, గడికి 800 చొప్పున 5,600. పంపకంలో పైసా తేడా లేదు. తేడా అంతా దిక్కులో ఉంది. గోల్డ్ పెరట్లో పడితే హాయిగా తవ్వుకుంటావు, వీధి గుమ్మంలో పడితే వాడి ఆర్చర్లు వచ్చి తవ్వుతున్న నీ పనివాళ్లని, అదే విలేజర్లని, అక్కడే బాణాలతో కొట్టేస్తారు. దానికి తోడు గుట్ట ఒకటి. పై నుంచి కొడితే దెబ్బ 25 శాతం ఎక్కువ, కింద నుంచి పైకి కొడితే 25 శాతం తక్కువ. గోల్డ్ ముందు వైపు, దాని నెత్తిన గుట్ట, ఆ గుట్ట మీద వాడు. పోయినసారి మీవాడి ఏడుపులో కొంత న్యాయం ఉంది.

కాబట్టి కొత్తగా గీయకు, ఉన్నదాన్ని కాస్త బిగించు. మ్యాప్‌ని పుట్టించే ర్యాండమ్ మ్యాప్ స్క్రిప్టు మామూలు టెక్స్ట్ ఫైలే, నోట్‌ప్యాడ్‌లో తెరుచుకుంటుంది. ఒక కాపీ తీసుకుని దాని మీదే పని చెయ్యి. గోల్డ్, స్టోన్ లాంటివాటికి టౌన్ సెంటర్ నుంచి కనీస దూరం, గరిష్ఠ దూరం అని రెండు అంకెలుంటాయి. ఆ రెండింటి మధ్య ఎడం ఎంత పెద్దదైతే అదృష్టానికి అంత చోటు. ఉదాహరణకి 12, 16 ఉంటే 12, 14 చేసి చూడు. 'సెట్ ప్లేస్ ఫర్ ఎవ్రీ ప్లేయర్' అనే లైను పొరపాటున చెరిపేయకు, అది లేకపోతే వాటాల లెక్కే పోయి గోల్డ్ ఎక్కడ పడితే అక్కడ పడుతుంది. ఇదంతా చేసినా దిక్కు నీ చేతిలో ఉండదు. కానీ దూరం తగ్గితే గోల్డ్ చుట్టూ గోడ కట్టుకోవడానికైనా వీలవుతుంది.

తర్వాత పరీక్ష. ఎడిటర్‌లో ఒక ముప్పై మ్యాపులు పుట్టించి చూడు. ఎప్పుడో నేనూ ఇలాంటి టోర్నమెంట్ ఒకటి నడిపాను, అప్పుడు ఇద్దరు ఫ్రెండ్స్‌కి ఒక్కో మ్యాప్ చూపించి ఒకటే అడిగేవాణ్ణి: ఏ పక్క కూర్చుంటావు? ఆలోచించి చెరొక మాట చెప్పారంటే మ్యాప్ పాస్. ఇద్దరూ తడుముకోకుండా ఒకే పక్క చూపించారంటే స్క్రిప్టులో ఏదో ఉంది. ఒకదాంట్లో బెర్రీలు చెట్ల మధ్య ఇరుక్కుపోయాయి, నాలుగు చెట్లు నరికితే గానీ విలేజర్ లోపలికి వెళ్లలేడు. ఆ మ్యాప్ ఫైనల్లో వచ్చుంటే నన్ను కొట్టేవాళ్లు.

రీస్టార్ట్ రూలు కూడా ముందే రాసి గోడకి అంటించు. ఎప్పుడైనా స్క్రిప్టు లెక్క తప్పి పంది రాలేదు, బెర్రీలు అందవు, గోల్డ్ అసలే లేదు, ఇలాంటి మూడు నాలుగు కారణాలకే రీస్టార్ట్, అది కూడా మొదటి ఐదు నిమిషాల్లోపే అడగాలి. గోల్డ్ ముందు వైపు పడితే రీస్టార్ట్ లేదు, ఆడుకోవాల్సిందే. అందుకే నాకౌట్‌లో ఒక్క ఆటతో ఎవర్నీ ఇంటికి పంపకు, మూడింట రెండు గెలవాలని పెట్టు. మ్యాపులు ఏడు తీసుకో. ఒకరి తర్వాత ఒకరు చెరి రెండు లిస్టులోంచి కొట్టేస్తారు, మిగిలిన మూడింట్లో చెరొకటి ఎంచుకుంటారు, ఆఖరుది మూడో ఆటకి. ఎవరికీ నచ్చని మ్యాప్ దానంతటదే పోతుంది, నీ మీద నింద రాదు.

ప్రశ్న: ఆఫీసులో ఎనిమిది మందిమి ఆడుకుంటాం. ఒకాయన ఎప్పుడూ ఫ్రాంక్స్ అనే జాతిని (ఆటలో సివిలైజేషన్ అంటారు) తీసుకుని గుర్రాల మీదొచ్చే నైట్స్‌తో తొక్కేస్తాడు. అందరికీ ఒకే సివిలైజేషన్ ఇచ్చేస్తే గొడవ వదులుతుంది కదా? (ఒక పాఠకురాలు, వరంగల్)

జవాబు: గొడవ వదులుతుందండీ, ఆటలో ఉప్పూ కారం కూడా వదులుతాయి. ఫ్రాంక్స్ గుర్రపు దళానికి ప్రాణం 20 శాతం ఎక్కువ, నిజమే. చైనీస్ అందరిలా మూడు కాకుండా ఆరుగురు విలేజర్లతో మొదలవుతారు, కానీ చేతిలో ఫుడ్ ఉండదు, కొత్తవాళ్లయితే మొదటి రెండు నిమిషాల్లోనే తికమకపడిపోతారు. ఈ తేడాల కోసమే కదా ఆడేది.

చిన్నప్పుడు అరుగు మీద సుద్దతో గీసి పులి-మేక ఆడారా? అటు మూడు పులులు, ఇటు పదిహేను మేకలు. రెండు పక్కలూ సమానమని ఎవరూ అనుకోలేదు. ఒకసారి పులులు నీకు, ఇంకోసారి నాకు, అంతే. ఇక్కడా అదే చెయ్యండి, రెండు ఆటలకి సివిలైజేషన్లు అటూ ఇటూ మార్చుకోండి. టైము లేకపోతే ఇంట్లో మామిడి తాండ్ర పంచుకునే పద్ధతి ఉంది కదా, ఒకరు కోస్తారు, రెండోవారు ముందు తీసుకుంటారు. ఒకరు రెండు సివిలైజేషన్ల పేర్లు చెప్పాలి, రెండోవారు అందులో ఒకటి తీసుకోవాలి. ఫ్రాంక్స్ పక్కన పనికిరానిదాన్ని పెడితే ఆ ఫ్రాంక్స్ తన చేతి నుంచే పోతుందని మీ ఫ్రాంక్స్ గారికి ఒక్క వారంలో అర్థమవుతుంది. మ్యాప్ మాత్రం ముందు తేల్చండి. ఐలాండ్స్ (చుట్టూ నీళ్లుండే మ్యాప్) అని తేలాక నైట్స్ నీళ్లలో ఈదలేవు కదా.

ప్రశ్న: సెట్టింగులు ఏం పెట్టాలి? చిన్నగా చెప్పండి. (ఒక పాఠకుడు, కర్నూలు)

జవాబు: ఇద్దరి ఆటకి టైనీ సైజు, 120 గళ్లకి 120. పెద్ద మ్యాప్ పెడితే వెతుక్కోవడంతోనే సరిపోతుంది. పాపులేషన్ పరిమితి 200, స్టాండర్డ్ రిసోర్సులు, అంటే ఫుడ్ 200, వుడ్ 200, గోల్డ్ 100, స్టోన్ 200. గెలుపు కాంక్వెస్ట్ (ఎదుటివాణ్ణి పూర్తిగా ఓడిస్తేనే గెలుపు) అని పెట్టండి, లేకపోతే ఎవడో ఒకడు మ్యాప్ మీద దొరికే పవిత్ర వస్తువులు, అదే రెలిక్స్, అన్నీ పోగేసుకుని గుళ్లో దాచుకుని గెలిచానంటాడు. స్పీడు లాక్ చెయ్యండి, చీట్స్ ఆపండి. రికార్డ్ గేమ్ తప్పనిసరి, తగాదా వస్తే అదే సాక్షి.

ప్రశ్న: నేను డాలస్‌లో, మా బావమరిది హైదరాబాద్‌లో. వాడి పాత ల్యాప్‌టాప్ వల్ల ఆట చివర్లో నత్తనడక నడుస్తుంది. ఇద్దరికీ సమానంగా ఉండే దారి చెప్పండి. (ఒక పాఠకుడు, డాలస్)

జవాబు: ముందు టైము సంగతి. మీకు శనివారం ఉదయం 8 అంటే అక్కడ సాయంత్రం 6:30, చలికాలంలో 7:30. అప్పుడైతే ఇద్దరూ మెలకువగానే ఉంటారు. మీ శుక్రవారం రాత్రి పెట్టుకుంటే ఆఫీసు అలసటంతా మీదే, పొద్దున్నే కాఫీ తాగి కూర్చునేది ఆయన. సర్వర్ విషయంలో ఒక ఆట అమెరికాది, ఒక ఆట ఇండియాది, మూడోది యూరప్‌ది పెట్టుకోండి.

ఇక నత్తనడక. ఈ ఆటలో సైన్యాల బొమ్మలేవీ నెట్ మీద ప్రయాణం చెయ్యవు, మీరు నొక్కిన ఆజ్ఞలే వెళ్తాయి, ఆట మొత్తం రెండు కంప్యూటర్లలోనూ విడివిడిగా నడుస్తుంది. రెండూ అడుగులో అడుగు వెయ్యాలి కాబట్టి ఒకటి వెనకబడితే రెండోది ఆగి చూస్తుంది. ఆట కొత్త వెర్షన్ డెఫినిటివ్ ఎడిషన్‌లో కంప్యూటర్ వేగం కొలిచే బెంచ్‌మార్క్ టెస్ట్ ఉంది, ఇద్దరూ పెట్టి చూసుకోండి. ల్యాప్‌టాప్ బావమరిదిదే అని తేల్చి రాశారు గానీ, మీదెప్పుడు కొన్నారో రాయలేదు.